మంచు అడుగున రాపిడి

మంచాన ఉన్న అత్తగారిని ఆమె పక్కకి తిప్పి దుప్పటి మారుస్తుంటే ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. లెక్క కుదిరిందని. కోడలి ముఖం విప్పారింది.

"ఏంటే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అంది అత్తగారు.

"మంచు దారికొచ్చింది అత్తయ్యా."

"సంతోషం. ముందు నా వీపు కింద ముడత సంగతి చూడు."

ధ్రువాల దగ్గర పేరుకున్న మంచు ఎంత వేగంగా సముద్రంలోకి జారుతుందో, నీటి మట్టం ఎంత పెరుగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆమె పని. మంచు అడుగున బురదో, రాయో ఎవరూ చూడలేదు. అందుకని అక్కడి రాపిడిని పెంచుతూ తగ్గిస్తూ, ఉపగ్రహాలు కొలిచిన వేగానికి సరిపోయేదాకా సవరిస్తారు. ఏళ్ల తరబడి ఆ తంటాలన్నీ ఆమే పడింది. ఇక ఆ లెక్కతో మంచుని రాబోయే కాలంలోకి నడిపించి, ముందుముందు ఏమవుతుందో చూడాలి. ఆ పనికి పెద్ద ఆమేనని ఆఫీసంతా అనుకుంది. పైకి అనకపోయినా ఆమే అందరికన్నా ఎక్కువ అనుకుంది.

ఆ రోజు మీటింగులో డైరెక్టరు ఆమెని తెగ పొగిడి, బాధ్యత మాత్రం నిరుడు చేరిన జూనియర్‌కి అప్పగించాడు. చప్పట్లు మోగాయి. ఆమె కూడా కొట్టింది. కారిడార్లో ఆయనే ఆగి, "మీ ఆయన ముందే చెప్పారమ్మా. పెద్దావిడ మంచాన ఉన్నారు, మీకు వీలుకాదని. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని..." అన్నాడు జాలిగా. ఆమె భర్త కింది అంతస్తులోనే, మంచు మందం కొలిచే రాడార్ విభాగంలో పనిచేస్తాడు.

మధ్యాహ్నం జూనియర్ పటం పట్టుకొచ్చాడు. "మేడమ్, ఈ తీరం దగ్గర రాపిడి ఇంత ఎక్కువ పెట్టారేంటి?"

"అక్కడ మందం కొలతలో తప్పుంది. ఆ తప్పంతా రాపిడి మీదకి తోశాను. తెలియనివన్నీ దాని నెత్తినే పడతాయి. ఇవాళ్టికి అంతా చక్కగా కనిపిస్తుంది. ఇలాగే ముందుకి నడిపితే మాత్రం సముద్రం పెరిగేది తక్కువని చూపించి మోసం చేస్తుంది. సరిచేశాకే నడుపు."

చెబుతూ చెబుతూ ఆమె చటుక్కున లేచింది. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చింది. భర్త మంచు కొలవడానికి నెలల తరబడి వెళ్తూ, "నువ్వు ఎలాగోలా నెట్టుకొస్తావుగా" అన్నాడు. "నీది కంప్యూటర్ పనేగా వదినా, ఇంట్లోనూ చేసుకోవచ్చు" అని ఆడపడుచు తల్లిని దింపి వెళ్లింది. ఎక్కడ ఏ లోటు వచ్చినా ఆమె తన నిద్రా, తన తిండీ కాస్త తగ్గించుకుని పూడ్చింది. చుట్టాలొస్తే "మా ఇల్లు గడియారంలా నడుస్తుంది" అని అతను మురిసిపోతుంటే తనూ పొంగిపోయింది. అదీ ఆమె చేసిన తప్పు. లోటే కనబడని ఇంట్లో ఆమె నలిగిపోవడం ఎవరికి కనబడుతుంది?

సాయంత్రం భర్తని అడిగేసింది. అతను చెప్పులు విప్పుతూ, "నీ మంచికే చెప్పాను. ఎంతని పడతావు?" అన్నాడు.

"నన్ను అడగాలిగా."

"అడిగితే చేస్తాననేదానివి. అందుకే అడగలేదు."

అతను ఆ మాట ప్రేమగానే అన్నాడు.

"రేపు డైరెక్టర్ దగ్గరికెళ్లి నేను చెయ్యగలనని చెప్తాను. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ఇకనుంచి పొద్దుటిపూట అత్తయ్య పని నీది."

"నాదా? అమ్మ నా చేత చేయించుకుంటుందా? సిగ్గుతో చచ్చిపోతుంది. ఆవిడ ఉసురు పోసుకుంటావా?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆ ఇంట్లో ఆమెని తిన్నావా అని అడిగేది అత్తగారొక్కతే. లోపలి గది తలుపు తెరిచే ఉంది. ఆవిడ అంతా వినే ఉంటుంది.

మర్నాడు పొద్దున్న ఆమె ఆ గది వైపు చూడకుండా తయారైంది. చూస్తే తను వెళ్లలేనని తెలుసు. అతను పేపర్లోంచి తలెత్తలేదు. ఎప్పట్లాగే చివరికి ఆమే వెనక్కి తిరుగుతుందని అతని ధీమా. చెయ్యి వీధి తలుపు గడియ మీద వేసి ఆమె అలాగే నిలబడిపోయింది.

లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. వణుకుతోంది. ఆవిడ పిలిచింది కొడుకుని.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ పేపరు అవతల పెట్టి రా. నా బట్టలు మార్చాలి."