దాలమ్మ బోర్డులోని గుండ్రాలు

హిందీ మాట్లాడే ఊరు బీర్‌గావ్‌లో ఫ్యాక్టరీ షిఫ్టుకెళ్లేవాళ్లు పొద్దున్నే దాలమ్మ ఇడ్లీ బండి దగ్గర ఆగుతారు. తినేవాళ్లు తింటారు, మిగతావాళ్లు బోర్డు అక్షరాల్లోంచి తొంగి చూసి పోతారు.

ఆ బోర్డు చేసింది దాలమ్మ మనవరాలు ఫణిశ్రీ. బోర్డుల షాపులో అక్రిలిక్ రేకులు కోయడం ఆమె పని. హిందీ మీడియం పిల్ల, తెలుగు మాట్లాడుతుందే గానీ ఒక్క ముక్క చదవలేదు. అందుకే మామ్మ రాసిచ్చిన పేరును ఆకారాలుగానే చూసింది. కంపాస్‌తో నిండు గుండ్రాలు గీసి, స్కేలు పెట్టి అంచులు తెగ్గోసి, బొటనవేలంత మందాన కోసింది. లోపలి చిల్లులు అవతలికి కనిపించేలా ఖాళీగా వదిలేసింది. రాకెట్ మీద ఉండాల్సిన అక్షరాలు ఇడ్లీ బండికెక్కాయి.

"యే తో ఫ్యూచర్ హై!" అన్నాడు షాపు యజమాని గిరిధర్.

భవిష్యత్తంటే ఇదేనన్న అతని నోటి చలవో ఏమో, ఆ గుండ్రాల్లోంచి చూస్తే అదే రోడ్డు పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో కనిపించేది. వెల్డర్ చిన్నారావు రోజూ తన బట్టతల చూసుకుని, నిట్టూర్చి, ఇంకో ప్లేటు చెప్పేవాడు.

ఫణిశ్రీకి మాత్రం చూసే తీరికెక్కడ? ఒక సోమవారం బోర్డు తుడుస్తూ 'ల' లోంచి చూసింది. బండి లేదు. మామ్మా లేదు. చెంపలు నెరిసిన ఫణిశ్రీ ఒక పాత కాగితం పట్టుకుని నిలబడింది. దాని మీద మామ్మ పెన్సిలు రాత. ఆటోవాలాకి చూపించింది. అతను తల అడ్డంగా ఊపాడు. కూరలామె కూడా అంతే. చివరికి కాగితాన్ని తలకిందులు చేసి కూడా చూసుకుంది.

ఫణిశ్రీ తుడిచే గుడ్డ పక్కన పడేసింది.

"మామ్మా, తెలుగు నేర్పు. ఆజ్ సే, ఇవాళే మొదలెట్టు."

"ఇరవయ్యేళ్లుగా నేర్పుతానంటే పారిపోనావు. ఇప్పుడేటొచ్చిందే?"

"బస్, అంతే. నేర్పు."

దాలమ్మ పళ్లెంలో మిగిలిన పిండి పరిచి వేలితో 'అ' దిద్దించింది. పిండిలో నేర్చిన అక్షరాన్ని ఫణిశ్రీ షాపులో గుండ్రంగా, మందంగా కోసేది. 'క్ష' మూడు రోజులు సతాయించింది. ఇక్కడ తెలుగెవరు చదువుతారని గిరిధర్ గొణిగాడు గానీ, రైల్వే కాలనీ తెలుగువాళ్లు ఇళ్ల పేర్లకు ఆ అక్షరాలే కావాలని రావడంతో ఊరుకున్నాడు.

అన్నీ వచ్చాక ఫణిశ్రీ భయంభయంగా మళ్లీ తొంగి చూసింది. అదే రోడ్డు, అదే కాగితం. ఈసారి ఆ ఫణిశ్రీ ఎవరినీ అడగలేదు. ఆమె కళ్లు వరస వెంట వరస దిగాయి. ముందు పకపకా నవ్వింది. తర్వాత చున్నీతో కళ్లొత్తుకుంది.

"మామ్మా, ఆ కాగితంలో ఏం రాశావు?"

"ఏ కాగితమే? నానేటీ రాయనేదు."

ఫణిశ్రీ చూపు బోర్డు మీదికి పోయింది. దాలమ్మ మనవరాలి మొహం చూసింది, బోర్డు చూసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ఆ పెన్సిలిలా తే. అటు తిరిగి కూకో. పదేళ్లయ్యాక సూద్దువు గాని."