జల్లెడమ్మ

ఆ సరుకుల కంపెనీలో ఆమెను అందరూ జల్లెడమ్మ అనేవారు. బయటినుంచి వచ్చే మెయిళ్ళలో అనుమానంగా ఉన్నవాటిని కంప్యూటరు ఆపేసి ఆమె ముందు కుప్ప పోస్తుంది. ఒక్కొక్కటీ చదివి, మంచిదైతే ‘వదులు’, చెత్త అయితే ‘తొలగించు’ నొక్కాలి. లాటరీలు, బట్టతలకు మందులు, ఎక్కడో చచ్చిపోయిన కోటీశ్వరుల ఆస్తులు. పొద్దస్తమానం ఇదే గోల.

పోయిన వారం అకౌంట్స్‌లో పనిచేసే అక్క పేరున ఒకటి ఆగింది. ‘మీ బాబు మెట్లమీంచి పడ్డాడు. వివరాలకు ఇక్కడ నొక్కండి.’ దొంగ మెయిలే అనిపించింది. కానీ నిజమైతే? ఇంట్లో మూడేళ్ళ కూతుర్ని పెట్టుకున్న ప్రాణం ఊరుకోలేదు. ‘వదులు’ నొక్కింది. అక్క కంగారుగా అందులోని లింకు నొక్కింది. సాయంత్రానికల్లా అకౌంట్స్ కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి.

సూపర్‌వైజర్ అందరి ముందూ దులిపేశాడు. “పిల్లాడు పడ్డాడని రాస్తే చాలు, కరిగిపోతావా తల్లీ? రేపు దొంగలు ఏడుస్తూ వస్తే తలుపు తీసి కాఫీ కూడా ఇస్తావా? ఇంకొక్కటి వదిలావంటే ఇంటికే!”

“నొక్కింది నేను కదే, నిన్నంటాడేంటి,” అంది అక్క తర్వాత. “మా బాబుకి పెళ్ళయ్యాక కూడా ఇలాగే నొక్కుతానేమో.”

జల్లెడమ్మ నవ్వాలనుకుంది. నవ్వు రాలేదు. అప్పట్నుంచి లోపల ఏదో మొద్దుబారిపోయింది. పిల్లలు, జ్వరం, ఆస్పత్రి, ఏ మాట కనబడినా చెయ్యి దానంతటదే ‘తొలగించు’ మీదికి పోయేది.

ఇవాళ మధ్యాహ్నం ఒకటి ఆమె పేరుతోనే వచ్చింది. ‘మీ పాపకు జ్వరం. ఫోన్ ఎత్తడం లేదు. వెంటనే రండి.’ మెయిలు చివర, రోజూ పాపను వదిలే క్రెష్ పేరు. పంపిన అడ్రసు మాత్రం ఎప్పుడూ వచ్చే క్రెష్ అడ్రసు కాదు.

పనివేళల్లో ఫోన్లన్నీ గేటు దగ్గర బుట్టలో ఉంటాయి. వెళ్ళి చూసుకోవాలంటే సూపర్‌వైజర్‌ని అడగాలి. అతను రెండు బల్లల అవతలే టీ తాగుతూ నిలబడ్డాడు. ఏమని అడుగుతుంది? మళ్ళీ కరిగిపోయానండీ అనా?

దొంగలు నా పేరు కూడా పట్టేశారన్నమాట, అనుకుంది. గుండె దడదడలాడాలి. ఆడలేదు. ‘తొలగించు’ నొక్కేసింది. తర్వాతిది బట్టతల మందు.

సాయంత్రం బుట్టలోంచి ఫోన్ తీస్తే తెర నిండా క్రెష్ నంబరే. పరుగెత్తాలని తెలుసు. కాళ్ళు మాత్రం వేరే ఎవరివో అయినట్టు మామూలుగానే నడిచాయి.

“ఏం తల్లివమ్మా నువ్వు!” క్రెష్ ఆయా గుమ్మంలోనే అందుకుంది. “ఫోన్ చేసి చేసి వేళ్ళరిగాయి. మా మేడమ్ తన సొంత మెయిల్‌లోంచి కూడా పెట్టింది. అందలేదా?”

“అందింది. నేనే తీసేశాను.”

“ఊరుకో తల్లీ, ఇదా జోకులేసే వేళ?” ఆయా పాపను భుజానికెత్తి ఇచ్చింది. “మందు పట్టాం, కాస్త దిగింది. ఇట్నుంచి ఇటే డాక్టరుకి చూపించు.”

పాప తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, ఇంకా కాలుతున్న బుగ్గను ఆమె బుగ్గకు ఆనించింది.

“అమ్మా, నువ్వెంత చల్లగా ఉన్నావో,” అంది హాయిగా కళ్ళు మూసుకుంటూ. “కదలకు.”

ఆమె కదల్లేదు.