ఎర్ర పెన్సిల్ 'తో'

మాస్టర్ డిస్కు నాలుగింటికల్లా ఫ్యాక్టరీకి చేరాలి. ఇప్పుడు ఒంటిగంటన్నర. తొమ్మిదో ఏడాది టేపు ఇంకా దొరకలేదు.

కత్తెర హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పడేసింది. స్టూడియోలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. దగ్గు, చప్పట్లు, ఉపన్యాసం, ఏది అడ్డొచ్చినా మొహమాటం లేకుండా కోసేస్తుంది కాబట్టి కత్తెర. నలభై ఏళ్లుగా నడుస్తున్న జానపద ఉత్సవానికి గుర్తుగా, వేదిక మీద నేరుగా రికార్డు చేసిన పాటల్లోంచి ఏడాదికొకటి ఏరి రెండు డిస్కులు చేయడం ఆమె పని.

"టేపు లేదని చెప్పాగదమ్మా," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఉత్సవ అధ్యక్షుడు. "ఆ స్థానంలో నా సందేశం వేసెయ్. కవరు మీద కూడా అలాగే అచ్చేయించాం."

అచ్చయిన కవరు బల్ల మీదే ఉంది. తొమ్మిది: అధ్యక్షుని సందేశం. నలభై: 'ముడి మీద ముడి', బృందగానం, కర్త తెలియదు.

ఆ 'కర్త తెలియదు' మూల కుర్చీలో కూర్చుని, గొంతు చుట్టూ కండువా చుట్టుకుని, గడియారం వైపు చూస్తోంది. కత్తెరకు మేనత్త. తొమ్మిదో ఏడాది ఉత్సవంలో ఒక్కసారే పాడింది. ఆ తర్వాత ఆ పాటను పాడని బృందం లేదు. "అది నేను కట్టిన పాటే" అని ఆవిడ ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉంది. "కోతలు కొయ్యడంలో నీ కత్తెర ఏ మూలకే, మీ అత్త ముందు!" అని ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. కత్తెర కూడా నవ్వింది. గొంతుకి ఆపరేషనై అత్త పాడటం మానేశాక ఆ నవ్వు ఆమెకే గుచ్చుకుంటోంది.

"సార్, కర్త ఇక్కడే కూర్చుని ఉంది."

"జానపదానికి కర్త ఏంటమ్మా? నోటికో మాట కలుస్తుంది. పెద్దావిణ్ణి కాదనడం లేదు. రుజువుండాలి కదా?"

"రుజువు ఆ టేపులోనే ఉంది."

"అదే పోయిందిగా!" అంటూ ఆయన కాఫీకి వెళ్లిపోయాడు.

కత్తెర పళ్లు నూరుకుంది. అచ్చులో పడ్డ అబద్ధానికి ఆయుష్షు ఎక్కువ. ఉత్సవ కార్యాలయం గుమాస్తాకి నాలుగోసారి ఫోన్ చేసింది.

"పోయిందని ఎవరన్నారండీ?" అన్నాడతను తీరిగ్గా. "చెడిపోయిందన్నాను. పాత రికార్డింగాయన, మన మైకాసురుడే దాని మీద ఎర్ర పెన్సిల్‌తో 'తో' అని రాశాడు. తోసెయ్యమని. అలాంటి రీళ్లు పద్నాలుగున్నాయి. ఒకటి వేసి చూశాం కూడా, దయ్యం పట్టినట్టు ఏడ్చింది. మంచి టేపులతో పాటే పంపి మీ మెట్ల కిందే పెట్టించా. సాయంత్రం పాత సామాన్లవాడొచ్చి పట్టుకెళ్తాడు."

"నాలుగుసార్లు అడిగితే ఇప్పుడా చెప్పేది?"

"మీరు మంచి టేపులు అడిగారు గదండీ!"

కత్తెర మెట్లు రెండేసి చొప్పున దిగింది. చీపుర్ల వెనక అట్టపెట్టె. పదకొండో రీలు తీస్తే దొరికింది. డబ్బా మీద తొమ్మిదో ఏడాది, పక్కన ఎర్రగా 'తో'.

పైకి పరుగెత్తుకొచ్చి మెషిన్‌కి ఎక్కించింది. స్పీకర్లలోంచి చప్పట్లు పుట్టాయి, పెరిగాయి, ఉన్నట్టుండి తెగిపోయాయి. తర్వాత ఏ భాషా కాని ఏడుపు. గుమాస్తా చెప్పింది నిజమే. కత్తెర బల్ల మీద గుద్దింది.

"గొంతు నాదేనే," అంది అత్త, రాని గొంతును పెగల్చుకుంటూ. "మాటలే నావి కావు."

కత్తెర టక్కున ఫోన్ అందుకుంది. ఆ రోజుల్లో ఉత్సవాన్ని రికార్డు చేసిన ముసలాయన ఇంకా బతికే ఉన్నాడు. మైకు ముట్టుకుంటే మీద పడేవాడని గాయకులు ఆయనకు మైకాసురుడని పేరు పెట్టారు. ఇప్పుడు చెవులే సరిగ్గా వినపడవు.

"తాతగారూ! 'తో' అంటే ఏంటి?"

"తోటా? ఏ తోట?"

"తోట కాదు! రీళ్ల మీద ఎర్ర పెన్సిల్ 'తో'!"

"ఓహో, అదా! తోక! తోక బయట! వెనక్కి చుట్టకుండా దాచానన్నమాట. పాట చివర పైకి ఉంటుంది, మొదలు లోపల. వినాలంటే ముందు వెనక్కి చుట్టుకోవాలి, లేకపోతే పాట చివర్నుంచి మొదటికి తిరగబడి మోగుతుంది. అలా దాస్తే టేపు పాడవదు. ఎందుకూ?"

"తోసెయ్యమన్నారనుకుని తోసేస్తున్నారు తాతగారూ!"

"ఏ గాడిద చదివిందే నా రాత?"

కత్తెర వెనక్కి చుట్టే మీట నొక్కింది. మెషిన్ మూలిగి ఆగింది. మళ్లీ నొక్కింది. బెల్టు జారింది. రెండూ యాభై. ఇక లాభం లేదని రీలు గాడిలో వేలు పెట్టి చేత్తోనే తిప్పడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి పీకేస్తే ఎడమచెయ్యి. "నువ్వు జరగవే" అని అత్త వచ్చి తిప్పింది. దారం మిల్లులో ముప్పై ఏళ్లు కండెలు చుట్టిన చెయ్యి. రీలు బొంగరంలా తిరిగింది.

మూడుంపావుకి అధ్యక్షుడు ఇంకో కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చాడు. "నా సందేశం వేశావామ్మా?"

కత్తెర మీట నొక్కింది.

ముందు మైకు గరగర. తర్వాత ఒక పడుచు మగగొంతు, ఉత్సాహం ఆపుకోలేక తడబడుతూ: "ఇప్పుడు దారం మిల్లు అక్క పాడుతుంది. ఈ పాట ఎవరి దగ్గరా నేర్చుకోలేదట. మిషను ముందు నిలబడి తనే కట్టుకుందట. వినండి!"

ఆ వెంటనే పాట. 'ముడి మీద ముడి వేసి మాటిచ్చి పోయినోడా...'

అధ్యక్షుడి చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది. ఆ ఏడాది మైకు పట్టుకుని పేర్లు చదివిన కుర్రాడు ఎవరో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"నేనేనా అది?" అన్నాడు చివరికి. "నాకు గుర్తేలేదమ్మా."

"నాకుంది," అంది అత్త.

ఆయన కవరు చేతిలోకి తీసుకుని తిప్పాడు. "రెండు వేలు అచ్చయిపోయాయి. నలభయ్యో పాట కింద ఆ మాట ఇక మార్చలేం. తొమ్మిదోదీ మార్చలేం."

కత్తెరకు ఒళ్లు మండింది. రెండు వేల చోట్ల 'కర్త తెలియదు'. దాన్ని ఏ కత్తెరా కొయ్యలేదు. కంప్యూటర్ తెర మీద తొమ్మిదో స్థానంలో ఉన్న ఆయన నాలుగు నిమిషాల ఉపన్యాసాన్ని మాత్రం కోసేసింది. అక్కడ టేపులోని పాటని మైకు గరగరతో సహా పెట్టింది. జీవితంలో మొదటిసారి ఒక ప్రకటనను కొయ్యకుండా వదిలేసింది.

"తొమ్మిదోది మార్చక్కర్లేదు సార్," అంది. "అధ్యక్షుని సందేశమనే కదా అచ్చయింది? అందులో ఉన్నది మీ సందేశమే."

ఆయన ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు.

డిస్కు తయారవడానికి పది నిమిషాలు పడుతుంది. ఫ్యాక్టరీకి పావుగంట దారి. అత్త అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

"డిస్కు నేను పట్టుకెళ్తా," అంది. "ఎవరు ఇచ్చారని అడిగితే పేరు చెప్పాలిగా."