మగ్గం తీసేసిన పాట

నగరిలోని మగ్గాల వీధిలో మెల్లగా మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. ప్రతి ఇంట్లోనూ మరమగ్గాలు తెల్లారినప్పటి నుంచి టకటకలాడుతుంటే పక్కింట్లో ఉప్పు అడగాలన్నా అరిచే అడగాలి. అలాంటి వీధిలో కూర్చుని, ఫోనులో రికార్డు చేసిన తల్లి పాటలోంచి మగ్గం చప్పుడు తీసేయాలని ఐశ్వర్య పొద్దున్నుంచీ కంప్యూటరుతో కుస్తీ పడుతోంది.

కండెలకు నూలు చుట్టుకుంటూ ఆడవాళ్లు పాడుకునే పాట అది. ఇప్పుడు ఆ వీధిలో ఐశ్వర్య తల్లి లీలావతికి తప్ప ఎవరికీ పూర్తిగా రాదు. పని చేస్తూ పాడుకునే పాటలు పంపమని రేడియోవాళ్లు అడిగారు. ఈ సాయంత్రంతో గడువు సరి. "నా పాట రేడియోలో వస్తాదా మే?" అని లీలావతి కూతుర్ని అడగని పూట లేదు.

కాసేపు మగ్గాలు ఆపమంటే తండ్రి చంద్రమౌళి ఒప్పుకోలేదు.

"సరుకు రేపు పొద్దున్నే పంపాల. మగ్గం నిలిపితే నువ్వు నేస్తావా? ఆ పెట్టెలో ఏందో చేస్తావు కదా, దాంట్లోనే అణిచెయ్," అన్నాడు.

అణచడం అంత తేలికా! తెర మీద పాట అలలు అలలుగా ఉంటుంది. దాని కింద ఒక గీత. గీత మీద చుక్క పెట్టి పైకి లాగితే అక్కడ చప్పుడు బాగా తగ్గుతుంది, కిందికి లాగితే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఆటోమేషన్ అంటారు దీన్ని. పేరుకే ఆటోమేషన్, ప్రతి చుక్కా చేత్తోనే పెట్టుకోవాలి. మగ్గం జోరుగా ఉన్నచోటల్లా ఐశ్వర్య గీతను పైకి లాగింది. మగ్గం పోయింది. దాంతోపాటు తల్లి గొంతూ సగం పోయింది.

లీలావతి విని ముఖం చిన్నబుచ్చుకుంది. "ఇదేందే, నేను నీళ్ల తొట్టిలో కూసోని పాడినట్టు ఉండాది!"

మళ్లీ చుక్కలు. మధ్యాహ్నానికి ఎలాగో కుదిరిందనుకుని, పాటకు ముందున్న దగ్గును కత్తిరించింది. పాట ముందుకు జరిగింది, చుక్కలు మాత్రం కదలకుండా ఉన్నచోటే కూర్చున్నాయి. ఇప్పుడు గొంతు ఉన్నచోట గొంతే అణిగింది, అణగాల్సినచోట మగ్గం విరుచుకుపడింది. ఐశ్వర్యకు ఏడుపొచ్చింది. మౌసు మీద, తండ్రి మీద, ఈ వీధిలో పుట్టినందుకు తన మీద కూడా ఒళ్లు మండిపోయింది.

అప్పుడే కరెంటు పోయింది. వీధి వీధంతా నోరు మూసుకుంది.

"మా! బిరీన రా! ఇప్పుడు పాడు!" అంటూ ఐశ్వర్య ఫోను అందుకుంది.

లీలావతి పరుగున వచ్చి కూర్చుంది. గొంతు సవరించుకుంది. మొదటి చరణం బాగానే ఎత్తుకుంది. రెండోదాంట్లో తడబడింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది మా?"

"ఏమో మే. యాడ నిలపాల్నో, యాడ ఎత్తుకోవాల్నో తెలీలేదు. మగ్గం ఆడతా ఉంటే అదే చెప్తాది నాకు."

ఐశ్వర్య ఫోను కింద పెట్టేసింది. పొద్దున్నుంచీ తాను తుడిచిపారేసింది అమ్మ తాళాన్ని.

కరెంటు వచ్చింది. మగ్గాలు అందుకున్నాయి. ఐశ్వర్య పాత చుక్కలన్నీ చెరిపేసింది. మాటలు ఉన్నచోట గీతను కొంచెమే పైకి జరిపింది. అమ్మ ఊపిరి తీసుకునేచోట కిందికి దించి, మగ్గాన్ని పూర్తిగా వదిలింది. పాట నీళ్లలోంచి బయటికి వచ్చి ఇంట్లో కూర్చుంది.

చంద్రమౌళి చేతులు తుడుచుకుంటూ వచ్చి విన్నాడు. "ఇది మన మూలనుండే మగ్గం కదా. సద్దు అట్నే ఉండాదే?"

"ఉండనీ నాయనా."

పాటతో పాటు పాడినవారి పేరు, వాద్యం ఉంటే వాయించినవారి పేరు రాయమన్నారు రేడియోవాళ్లు. ఐశ్వర్య మొదట తల్లి పేరు రాసింది. తండ్రి వైపు ఒకసారి చూసి, దాని కింద 'మరమగ్గం: చంద్రమౌళి' అని రాసి పంపేసింది.