అడిగితేనే కుర్చీ

కిటికీ రెక్కలు బార్లా తీసి, పాత గుడ్డతో కుర్చీ కాళ్లు తుడుస్తున్నారు మాస్టారు. కుర్చీ బల్లమీద తలకిందులుగా ఉంది కాబట్టి కాళ్లు చేతికి సులువుగానే అందుతున్నాయి. వెనకవైపు ఎడమకాలు కాస్త పొట్టిది. దాని అడుగున అట్టముక్క మడిచి దారంతో కట్టారు. ముడి వదులైందేమోనని బొటనవేలితో నొక్కి చూసుకున్నారు. గట్టిగానే ఉంది.

గది చిన్నది. ఒకప్పుడు పటాలు చుట్టి దాచిన గది, గోడలకు ఇప్పటికీ మేకులున్నాయి. బల్ల, నల్లబల్ల, ఈ కుర్చీ తప్ప అందులో సామానంటూ పెద్దగా లేదు. రోజూ పాఠం అయ్యాక కుర్చీని ఎత్తి బల్లమీద పెట్టి వెళ్లడం మాస్టారి అలవాటు. ఊడ్చే ఆమెకు పని తేలికవుతుందన్నది ఒక కారణం. రెండో కారణం పిల్లలకు తెలుసు. మర్నాడు ఒక్కొక్కరుగా పాఠానికి వచ్చినవాళ్లు దీవుల భాషలో అడిగితేనే ఆ కుర్చీ కిందికి దిగుతుంది. అడగడం రాకపోతే గంటసేపూ నిలబడాల్సిందే. మాస్టారు మాత్రం ఎప్పుడూ నిలబడే పాఠం చెబుతారు. అందుకే ఆయనకు కుర్చీ మాస్టారని పేరు పడింది. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో.

మాస్టారు భాష చెప్పే దీవుల అధ్యయనం అనే డిగ్రీకి విశ్వవిద్యాలయంలో సొంత గూడంటూ లేదు. చరిత్ర ఒక భవనంలో, భూగోళం ఇంకో భవనంలో, అర్థశాస్త్రం రోడ్డు దాటి అవతల. పిల్లలు ఆ గుమ్మాలన్నీ ఎక్కి దిగి మార్కులు పోగేసుకోవాలి. ఒక వేసవి దీవుల్లో ఉండి రావాలి. చివర పెద్ద వ్యాసం రాయాలి. ఇవన్నీ ఒక ఎత్తు, రెండేళ్లు దీవుల భాష నేర్చుకుని మాస్టారి ఎదుట మాట్లాడి గట్టెక్కడం ఒక ఎత్తు. అక్కడే అందరికీ తల ప్రాణం తోకకొచ్చేది.

నిజానికి మాస్టారిది ఆ భాష కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన రేవులో టిక్కెట్లు చింపే గుమాస్తా. దీవుల నుంచి లాంచీ దిగి కుట్టుపనికి వచ్చే ఒకమ్మాయి రోజూ ఏదో అడిగేది. ఈయనకు అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోతే ఆమె అదే మాట ఇంకా గట్టిగా అడిగేది. చెవులు చిల్లులు పడకుండా ఉండాలంటే పెళ్లి చేసుకోవడమే మేలని తోచిందని ఆయన పిల్లలకు చెప్పి నవ్వించేవారు. కాపురానికి వచ్చిన మొదటి వారమే ఆమె ఇంట్లో రూలు పెట్టింది. మంచినీళ్లయినా, తువ్వాలయినా, భోజనం దగ్గర కుర్చీ అయినా తన భాషలో అడిగితేనే ఇచ్చేది. ఆకలిని మించిన గురువు లేదు, ఈయనకు మాటలు తొందరగానే వచ్చాయి.

కూతురి దగ్గర మాత్రం ఆ పప్పులుడకలేదు. బళ్లో తోటిపిల్లలు ఆ భాష విని నవ్వారట, ఇక చచ్చినా మాట్లాడనని భీష్మించుకుంది. కుర్చీ అడగాల్సి వస్తుందని కంచం చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని తినేది. నెల తిరక్కుండానే తల్లి ఓడిపోయి కుర్చీ లాగి పెట్టింది. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్లీడుకొచ్చిన పిల్లలున్నారు. నాన్నతో రోజూ ఫోనులో మాట్లాడుతుంది, ఆ భాషలో తప్ప.

ఇక్కడ డిగ్రీ పెట్టినప్పుడు చదువుకున్న పంతులెవరూ దొరక్క, రేవులో మాస్టారి వాగ్ధాటి విన్నవాళ్లెవరో ఆయన్ని లాక్కొచ్చారు. తాత్కాలికమన్నారు. ఆ తాత్కాలికంలోనే జుట్టు తెల్లబడింది. ఆయన దగ్గరున్నది వంటింటి భాష, పక్క దులిపే భాష, అలిగి బతిమాలుకునే భాష. పుస్తకంలో ఎగుమతులనే మాట వస్తే ఇంటికెళ్లి భార్యను అడిగేవారు. పడవెక్కించడం అని చెప్పు, చాలు, వాళ్లకి తెలుస్తుంది అనేది ఆమె. ఒకసారి గడ్డం పెంచిన ఆరడుగుల కుర్రాడొకడు దీవులకు వెళ్లి, ఒక పడవ యజమానితో మాస్టారు నేర్పిన యాసలోనే మాట్లాడాడు. లోపలికొచ్చే ముందు కాళ్లు తుడుచుకోమని పెళ్లాం కసిరినట్టు ఉందట. ఆ యజమాని నోరెత్తకుండా కాళ్లు తుడుచుకున్నాడట.

భార్య పోయాక మాస్టారికి ఆ భాష మాట్లాడుకోవడానికి ఈ గది ఒక్కటే మిగిలింది. ఇంట్లో గోడలతో మాట్లాడి చూశారు, గోడలు తప్పులు దిద్దవు. తరగతి ఉన్నరోజు ఆయన నడక వేరుగా ఉండేది.

ఇవాళ మెట్లెక్కి వస్తుంటే విభాగం పెద్ద, అందరూ మేడం అనే ఆవిడ, తన గదిలోకి పిలిచారు. మంచావిడే. కూర్చోమని, విషయం నానబెట్టకుండా చెప్పేశారు. వచ్చే ఏడాది నుంచి డిగ్రీలో భాష తప్పనిసరి కాదు, దాని బదులు అనువాదాలు చదివితే సరిపోతుంది. పాత నిబంధనల కింద చేరినవాళ్లలో ఇక ఒక్క అమ్మాయే మిగిలింది. ఆ పిల్ల ఇవాళ గట్టెక్కితే తరగతి ఇవాళ్టితో సరి. తప్పితే మాత్రం ఆమె కోసం ఇంకో అరసంవత్సరం నడపాలి, రూలు అలా ఉంది.

ఆవిడ మామూలుగానే అన్నారు. మాస్టారు తలూపి బయటికొచ్చారు. మిగిలిన మెట్లు ఎక్కుతుంటే ఎడమ భుజంలో ఏదో పట్టేసినట్టయింది. గోడ పట్టుకుని కాసేపు ఆగారు. మెడలో భార్య అల్లిన మఫ్లరు సవరించుకుని మళ్లీ ఎక్కారు. అరసంవత్సరమనే మాట ఆయన వెంటే మెట్లెక్కింది.

ఆ అమ్మాయి మిగతా పిల్లల కంటే పెద్దది. ముసలివాళ్ల ఆశ్రమంలో పనిచేస్తూ, సందు దొరికినప్పుడల్లా ఒక్కో పాఠం చదువుతూ ఇంతదాకా ఈడ్చుకొచ్చింది. చరిత్ర అయింది, భూగోళం అయింది, వ్యాసమూ అయింది. ఈ పరీక్ష మాత్రం పోయినసారి తప్పింది. దీవుల్లో కొత్తగా కడుతున్న ఆశ్రమంలో ఆమెకు పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు, ఈ డిగ్రీ చేతికొస్తేనే. వాళ్లు ఇంకో అరసంవత్సరం ఆగరు. ఈ సంగతి మాస్టారికి ఆమే చెప్పింది, దయ చూపమని మాత్రం అడగలేదు.

తలుపు తట్టి లోపలికొచ్చింది. చేతులకు ఆశ్రమంలోని సబ్బు వాసన ఇంకా పోలేదు. దీవుల భాషలో కుర్చీ అడిగింది. ఆ ఒక్క వాక్యం తడుముకోకుండా వచ్చింది. మాస్టారు కుర్చీ దించి ఇచ్చారు. ఆమె కూర్చుంది, ఆయన నల్లబల్ల పక్కన నిలబడ్డారు.

దీవుల చుట్టూ సముద్రం ఎప్పుడు పోటెత్తుతుందో చెప్పమన్నారు. బట్టీ పట్టిన రెండు వాక్యాలు అప్పజెప్పి మూడోదానికి ఆగిపోయింది. పాతకాలపు సంతల గురించి అడిగారు. నీళ్లు నమిలింది. ఇంకోటి అడిగారు. తల వంచుకుని, ఒళ్లో చేతులు నలుపుకుంటూ, సగం ఆ భాషలో సగం సొంత భాషలో ఏదో అంది. ఇలా మాట్లాడినవాళ్లను మాస్టారు ఏనాడూ గట్టెక్కించలేదు. ఎంత చనువున్నా సరే, మాట రాందే సంతకం పెట్టరని ఆయనకు పేరు.

తప్పినట్టే అనుకున్నారు. అనుకోగానే ఆయనకు సంతోషం వేసింది. వచ్చే వారం మళ్లీ ఈ గది తాళం తీయొచ్చు. మళ్లీ ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, తప్పో ఒప్పో, ఆ మాటలు అంటారు. ఆ వెంటనే సిగ్గూ వేసింది. ఎదురుగా ఒకరి బతుకు ఆగిపోతుంటే తను లోపల పండగ చేసుకుంటున్నారు. మొహం అటు తిప్పుకుని కిటికీ దగ్గరికి నడిచారు. భుజంలో నొప్పి ఈసారి మోచేతి దాకా దిగింది. కిటికీ చట్రం గట్టిగా పట్టుకున్నారు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఏమైంది? ఇటు చూడండి. మొహం చూడండి ఎలా ఉందో."

"ఏం లేదు. మెట్లెక్కి వచ్చాను, అంతే."

"ఏం లేదని మా ముసలాళ్లూ రోజూ అంటారు. ముందు కూర్చోండి. ఆ మెడలోది వదులు చేయండి. పొద్దున ఏమైనా తిన్నారా?"

"రొట్టెముక్క తిన్నాను."

"ఒక్క ముక్కా? మీరేమైనా పిచ్చుకా? మాత్ర వేసుకున్నారా? ఎక్కడుంది మాత్ర? చొక్కా జేబులోనా, సంచీలోనా?"

సంచీలో అన్నారు. ఆమె సంచీ వెతికి తీసి ఇచ్చింది. నీళ్లు తాగించింది. తినకుండా మాత్ర మింగితే కడుపు మాడుతుందని కసిరింది. కూతురికి ఫోన్ చేస్తారా, నన్ను చేయమంటారా అని నిలదీసింది. సాయంత్రం నేనే చేస్తానని మాస్టారు మాటిచ్చారు. చేయకపోతే తెలుస్తుంది సుమా అని బెదిరించింది. నొప్పి తగ్గుముఖం పట్టాకగానీ ఆయన గమనించలేదు. ఇంతసేపూ ఇద్దరూ మాట్లాడుకున్నది దీవుల భాషలోనే. ఆమె మాటల్లో తప్పులున్నాయి, చాలానే ఉన్నాయి. అయినా నోరు ఒక్కచోటైనా ఆగలేదు. ఆ కసురు ఎవరిదో ఆయన చెవికి తెలుసు. ఎన్నాళ్లకో విన్నారేమో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంకోటి కూడా అప్పుడే గమనించారు. తను కుర్చీలో ఉన్నారు, ఆమె నిలబడి ఉంది.

"అడక్కుండానే కూర్చున్నాను" అన్నారు ఆ భాషలోనే, తప్పు చేసినవాడిలా.

"నేనే కూర్చోబెట్టాను. బాగోలేని మనిషి అడగాలా ఏంటి?" అందామె.

తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆమె మొహం వాడిపోయింది. సొంత భాషలోకి వచ్చేసి, మళ్లీ తప్పానా మాస్టారూ అని మెల్లగా అడిగింది. ఆయన బల్లమీది పరీక్ష కాగితం దగ్గరికి లాక్కున్నారు. కలం మూత తీశాక చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఈ సంతకంతో గది మూతపడుతుంది. అది తెలిసే, పాసైనట్టు రాసి, కింద తన పూర్తి పేరు పొల్లు పోకుండా పెట్టారు.

"అక్కడి ముసలివాళ్లు మొండివాళ్లమ్మా" అన్నారు. "ఇలాగే కసురు. వింటారు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. మెట్లు దిగేటప్పుడు ఆయన సంచీ తనే పట్టుకుంది. బస్సు వచ్చేదాకా పక్కనే నిలబడింది. దారిలో డాక్టరు దగ్గర దిగమంటే రేపు వెళ్తానన్నారు. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి ఇద్దరూ ఆ భాషలోనే ఏదో వాదించుకున్నారు. బస్సులోవాళ్లు వింతగా చూశారు. మాస్టారు గర్వంగా కూర్చున్నారు.

ఇంటికెళ్లి మాట ప్రకారం కూతురికి ఫోన్ చేశారు. భుజం సంగతి సగమే చెప్పారు, అమ్మాయి సంగతి పూర్తిగా చెప్పారు. అచ్చం మీ అమ్మలా తిట్టిందే అన్నారు. కూతురు నవ్వి, రేపు పొద్దున్నే వచ్చి నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది. సరేనన్నారు. కాస్త వేడిగా సూపు తాగి, మఫ్లరు మడిచి తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నారు. కూతురు పొద్దున్నే వచ్చి తలుపు తట్టింది. చాలాసేపు తట్టింది. నిద్రలోనే పోయారని డాక్టరు చెప్పాడు.

కొన్నాళ్లకు పాఠాల గది ఖాళీ చేయడానికి కూతురు వచ్చింది. ఈ గది చూడటం ఆమెకదే మొదటిసారి. తీసుకెళ్లేందుకు పెద్దగా ఏమీ లేదు, ఒక టీ గ్లాసు, సుద్దముక్కల డబ్బా, తుడుచుకునే గుడ్డ. ఊడ్చే ఆమె గుమ్మంలో నిలబడి, రోజూ కుర్చీ బల్లమీద పెట్టి వెళ్లేవారమ్మా, ఆరోజెందుకో కిందే వదిలేశారు, జరపబుద్ధి కాక చుట్టూ ఊడుస్తున్నాను అని చెప్పి వెళ్లిపోయింది.

కూతురు గ్లాసు సంచీలో పెట్టుకుంది. కాళ్లు లాగుతున్నా కూర్చోలేదు. గోడకు ఆనుకుని, కంచం పట్టుకున్న చిన్నప్పటిలాగే, కాసేపు ఆ కుర్చీ వైపు చూస్తూ నిలబడింది. తర్వాత అమ్మ భాషలో, ఏ పిల్లకైనా మొదటిరోజే వచ్చే ఆ చిన్న వాక్యం అంది. ఒక మాట తప్పు పలికి, తనే దిద్దుకుని మళ్లీ అంది. అడిగాకే కూర్చుంది.

కుర్చీ ఇటూ అటూ ఊగలేదు. పొట్టికాలి కింద అట్టముక్క, దాని చుట్టూ మాస్టారు కట్టిన దారం ముడి గట్టిగానే ఉన్నాయి.