బూరా పరిగెత్తడానికో చోటు

స్ప్లిట్ నగరంలో తనకు తెలియని జానెడు నేల లేదు, ఏ గోడ వెనక ఎవరు ఎవర్ని ముద్దు పెట్టుకున్నారో, ఏ మలుపులో గాలి టోపీ ఎత్తుకుపోతుందో అన్నీ తెలుసు, అలాంటిది కుక్కల్ని తాడు విప్పి వదలడానికి ఒక చోటు చూపించడం ఎంతసేపు, ఈ కాఫీ చల్లారేలోపు చూపిస్తానని మరియెటా ముందు కోసిన కోత గుర్తొచ్చి యెర్కో మీసాల్లో నవ్వుకున్నాడు, కోసి వారాలు గడిచాయి, పేట సంఘం నడిపేది ఆ పిల్లే, పొద్దున రొట్టెల కొట్టు దగ్గర పట్టేసుకుంది, ఇక్కడ పెద్దాయన్ని పిలిచే పిలుపుతో, బార్బా, ఇవాళ సాయంత్రం మీటింగులో చోటు చెప్పకపోతే నగరం వాళ్ళు ఇస్తామన్న కుక్కల పార్కు పక్క పేటకి పోతుంది, వాళ్ళు స్థలం తేల్చుకుని కూర్చున్నారు, మీరేమో అల్లుణ్ణి ఎంచుతున్నట్టు ఒకదానికి ముక్కు వంకరంటారు, ఇంకోదానికి చెవులు పెద్దవంటారు, మరి ఎలా బార్బా, అంది, చెబుతానులే అమ్మాయ్, కంగారెందుకు, అన్నాడు తను, అంటుంటే కోటు జేబులో ఆ పెద్ద ఇనుప తాళంచెవి తొడకు కొట్టుకుంది, దాన్ని అవతలికి తోసుకున్నాడు, అది బోచె గుండ్లాట స్థలం తాళంచెవి, దాని సంగతి ఇప్పుడెందుకు.

బూరా తాడు లాగుతోంది, కొండల మీంచి దూకే చలిగాలి పేరు పెట్టుకున్న కుక్క, ఆ గాలి ఒక జనవరిలో తన బట్టల తీగ మీది డ్రాయర్లను ఎదురుగా ఉన్న బ్రాచ్ దీవికి చేర్చిందని, అక్కడ ఒకాయన అవి తొడుక్కుని చర్చికి వెళ్ళాడని చెబితే ఎవరూ నమ్మరు, పోనీ, ఆ గాలి పేరున్న ఈ పిల్ల మాత్రం నగరం కాపలావాళ్ళు తాడు లేని కుక్కల్ని ఆపడం మొదలెట్టినప్పటినుంచి ఒక్కసారి కూడా పరిగెత్తలేదు, మధ్యాహ్నం నిద్రలో కాళ్ళు కొట్టుకుంటుంది, కలలో పరిగెడుతుంది పాపం, దీనికో చోటు కావాలి, కావాలంటే ఎక్కడ, పైన్ తోపు బాగుండేదే, కానీ వసంతంలో గొంగళిపురుగులు బారులు తీరి చెట్లు దిగుతాయి, వాసన చూసిన కుక్క ముక్కు బన్నురొట్టెలా వాస్తుంది, రైలుపట్టాల పక్క ఖాళీ జాగాలో గాజుపెంకులే గడ్డి, పసిపిల్లల బడి వెనక అంటే తల్లులు కుక్కల్ని కాదు తనను కరుస్తారు, కార్లు ఆపే చోటు అడగనే కూడదు, ఈ ఊళ్ళో మనిషి మూత్రపిండం ఇస్తాడు గానీ కారు ఆపే చోటివ్వడు, రాళ్ళ తీరంలో ముసలాళ్ళు మోకాలి లోతు నీళ్ళల్లో చిన్న బంతిని అరచేత్తో ఎగరేసి ఆడుకుంటారు, బూరా ఆ బంతి పట్టుకుపోయిన రోజు అరవై దాటిన మగాడు అమ్మా అని ఏడవడం తను చూశాడు, ఇంకెక్కడ, తాళంచెవి మళ్ళీ తొడకు తగిలింది, నీ దుంపతెగ, ఊరుకో.

మూల తిరిగేసరికి బూరా ఆగిపోయింది, తీగకంచెకి ముక్కానించి, ముందుకాలు గేటు మీద పెట్టి, లోపల మల్బరీ నీడ, కుళాయి, ఎండిన ఆకులు, గుండ్లు దొర్లి దొర్లి చదునైన నేల, ఇక్కడే లూకా గుండు విసిరే ముందు తుమ్మేవాడు, ఇక్కడే పష్కో దూరం కొలవడానికి చెప్పు విప్పేవాడు, ఇద్దరూ పోయారు, మూడోవాడు ఫ్రానే తుంటి విరిగి పై అంతస్తు బాల్కనీకి అతుక్కుపోయాడు, మిగిలింది తాళంచెవీ తనూ, నాలుగు వైపులా కంచె, నీడ, నీళ్ళు, కిటికీలు ఒకే పక్క, ఆ పక్కనున్నవాడికి చెవుడు, ఇంతకంటే ఏం కావాలి, ఏమీ అక్కర్లేదు, అందుకేనా ఇన్నాళ్ళూ ఈ వీధి వదిలేసి ఊరంతా చుట్టబెట్టావు ముసలోడా, పెళ్ళాం ఉంటే అనేసేది ఈ మాట.

తాళం మొరాయించింది, తర్వాత లొంగింది, తాడు విప్పాడు, బూరా ఒక్కక్షణం నమ్మనట్టు తనవైపు చూసింది, అంతే, గాలి, ఆకులు లేచాయి, దుమ్ము లేచింది, చెవులు వెనక్కి పడిపోయి ఒక చుట్టు, ఇంకో చుట్టు, పై బాల్కనీనుంచి ఫ్రానే గావుకేక, ఒరేయ్ యెర్కో, నా ఆటస్థలంలో గుర్రాన్ని వదిలావేంట్రా, గుర్రం కాదురా చెవిటోడా, కుక్క, కుక్కా, అయితే పర్లేదు, నీకంటే బాగా ఆడుతోంది, ఒరేయ్, లూకా, పష్కో చూస్తే ఏమంటార్రా, అని తను గొంతెత్తి అడిగాడు, ఏమంటారు, లూకా తుమ్ముతాడు, పష్కో తన చెప్పు ఎత్తుకుపోయిందని తిడతాడు, ఆ మూలనున్న బల్ల మాత్రం నాకొదిలెయ్యమని నీ కుక్కతో చెప్పు, నన్ను కిందికి దించే మనిషిని చూడు, ఈ బాల్కనీలో ఈగలతో విసిగిపోయాను, అన్నాడు ఫ్రానే, అని గూట్లో దాచుకున్న బులిన్, గుండ్లన్నీ గురి చూసుకునే ఆ చిన్న గుండు, పైనుంచి విసిరాడు, బూరా గాల్లోకి లేచింది, సాయంత్రం మరియెటాకి ఏం చెప్పాలో నోట్లో తయారవుతోంది, అమ్మాయ్, ఊరంతా తెలుసన్నాను, నా జేబు సంగతే తెలియలేదు, అవును, ఈ వారాలన్నీ తను వెతికినవి వంకలు, చోటు తొడకు తగులుతూనే ఉంది, తగలనీ, రేపటినుంచి ఈ తాళంచెవి బరువుండదు, గేటుకి గడియ చాలు.

ఇక ఈ కథ చెబుతున్న నేను కల్పించింది ఒక్కటే, డ్రాయర్ల సంగతి అనుకుంటారేమో, అది మాత్రం ప్రమాణంగా నిజం, బూరా గేటు దగ్గర ఆగి కాలు పెట్టిందన్నదే కల్పన, అది ఆ రోజు ఆకలేసి ఇంటివైపే లాగింది, గేటు ముందు ఆగిపోయింది యెర్కోనే.