రెండో పిడికిలి

ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడికి ఇవ్వడం ఆళ్లగడ్డలో మా క్రైస్తవుల ఇళ్లన్నిటిలో ఉన్నదే. మా జేజి, అంటే నాయనమ్మ, జీవమ్మ మాత్రం రెండు పిడికిళ్లు తీసేది. మొదటిది ఏమీ అనకుండా, దేవునికి. రెండోది "మా చిన్నోడికి" అని పైకి అంటూ. రెండూ ఒకే రేకు డబ్బాలో పడేవి, గుడికే పోయేవి.

చిన్నోడంటే మా రూబెన్ చిన్నాయన. నేను డిగ్రీలో ఉన్న ఏడు డోన్‌లో లారీకి లోడు ఎత్తుకొని పోయాడు, మళ్లీ రాలేదు. లారీ దొరికింది, ఆయన దొరకలేదు.

"సచ్చినోళ్లకు పిడికిలి తీయరు," అనేది జేజి. "నేను తీస్తాండానంటే వాడు యాడో ఒకాడ తింటాండాడని."

వరికోతల్లో కొడవలి దిగి ఆమె కుడిచేతి చూపుడువేలు పుల్లలా బిగుసుకుపోయింది. పిడికిలి పట్టినా ఆ వేలు విడిగా నిలబడేది. ఆ సందులోంచి గింజలు జారి, బియ్యం డ్రమ్ము నుంచి డబ్బా దాకా నేల మీద సన్నటి గీత పడేది. సెలవులకు పోతే అవి ఏరే పని నాది.

"చీపురు ముట్టినావంటే చేతులు ఇరగ్గొడతా. ఏరు. కాలేజీ సదువుకన్నా ఇదే పనికొస్తాది."

ఆదివారం జేజి అందరికన్నా ముందు పోయి గుడిలో చాపలు పరిచేది. పాటలో ఒక చరణం వెనకబడేది, అయినా అందరికన్నా గట్టిగా పాడేది. పాస్టరుగారు ఆమె ముగించేదాకా ఆగి ప్రార్థన మొదలుపెట్టేవారు.

జేజి పోయి ఏడాదైంది. జ్ఞాపకార్థ కూటానికని నంద్యాల నుంచి ఒకరోజు ముందే పోయాను. జేజి గురించి నేను మాట్లాడాలని మా నాయన యేసురత్నం చెప్పాడు. సమాధి మీదికి రాయి వచ్చేసింది, అరుగుకు ఆనించి ఉంది. పైన జేజి పేరు చెక్కి ఉంది. కింద సగం నున్నగా, ఖాళీగా ఉంది.

"అది వానికి," అన్నాడు నాయన. "రేపు పొద్దన్నే శిల్పి వస్తాడు. ప్రమీల ఎన్నేండ్లని వాకిలి కల్లా సూస్తాది? ఒక రాయన్నా ఉంటే కూకోని ఏడుస్తాది."

ప్రమీల, రూబెన్ చిన్నాయన భార్య. నన్ను చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయింది.

డ్రమ్ము నుంచి డబ్బా దాకా నేల మీద బియ్యపు గీత.

"సూడు సంధ్యా. నేను ఏరతాండా, మళ్లీ పడతాండాయి. అత్త యాడికీ పోలేదు."

"ఎలుకలేమో చిన్నమ్మా."

"ఎలుకలు గీత గీస్తాయా? మీ నంద్యాల ఎలుకలు సదువుకున్నాయేమోలే."

"నువ్వు తీయడం లేదా?"

"ఒక్క పిడికిలే, దేవునికి. రెండోది తీసేకి నాకు ధైర్యం యాడిది?" గొంతు తగ్గించింది. "మీ నాయనకు చెప్పు. ఆ రాయి మీద పేరు చెక్కితే నాకింక ఎదురుసూసేకి ఏముంటాది? నేను చెప్తే పిచ్చిదంటాడు. నీ మాటైతే ఇంటాడు."

చూడనిది చెప్పడం నాకు చేతకాదు. గింజలన్నీ ఏరి, నేల తడిగుడ్డతో తుడిచి, అది ఆరేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత పీట వేసుకొని వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం చిన్నమ్మ వంటకు వచ్చింది. రేపటి భోజనాల గురించి ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. ఒక పిడికిలి తీసి డబ్బాలో వేసింది. నేల మీద ఒక్క గింజ పడలేదు.

"పప్పు ఈడ వండినా, అన్నం మాత్రం గుడి దగ్గరే..." అంటూ ఆగింది. చెయ్యి మళ్లీ డ్రమ్ములోకి పోయింది. పైకి వచ్చినప్పుడు చూపుడువేలు పుల్లలా నిటారుగా ఉంది. గింజలు టపటపా రాలాయి.

"మా చిన్నోడికి," అంది.

ఎంత కోపంలోనూ చిన్నమ్మ ఆయన పేరెత్తి ఎరగదు. చిన్నోడని పెళ్లాం ఎట్లా అంటుంది?

"...వండిస్తే బాగుంటాది, ఏమంటావ్?" అని, నా వైపు తిరగబోయి నేల చూసింది. ముఖం వెలిగిపోయింది. "అదో! నువ్వు ఈడ ఉండగానే! సూసినావా?"

ఆమె వేళ్లన్నీ మామూలుగానే మడుచుకొని ఉన్నాయి.

"చూశాను," అన్నాను. ఆ చెయ్యి ఆమెదే. ఆ మాట ఆమెది కాదు. ఒళ్లోని వెల్లుల్లి పొట్టు దులుపుకొని లేచాను.

అరుగు మీద నాయన దగ్గరికి పోయాను. "నాయనా, రెండో పిడికిలి ఇంకా పడతాంది."

"నువ్వు సూసినావా?"

"సూసినా."

ఎవరు వేస్తున్నారని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. రాయి నున్నటి భాగం మీద అరచేయి ఆనించి కొంతసేపు కూర్చున్నాడు. మర్నాడు శిల్పికి టీ తాగించి పంపేశాడు.

కూటంలో జేజి చాపల గురించీ పాటల గురించీ చెప్పాను. అందరూ నవ్వారు. పిడికిలి సంగతి చెప్పలేదు.

నంద్యాల వచ్చిన తర్వాతి వారం, వంట చేస్తుండగా చిన్నమ్మ ఫోను.

"సంధ్యా, నేల శుభ్రంగా ఉండాది. ఒక్క గింజ ల్యా. నిన్నా ల్యా, మొన్నా ల్యా." "బావకు చెప్పేదా? శిల్పిని పిలిపించమని?"

ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కుకొని బియ్యం గిన్నె అందుకోబోయాను. కుడిచేతి చూపుడువేలు వంగలేదు. చాలాసేపు బిగబట్టినట్టు నొప్పి. కిందికి చూశాను.

మా ఇంట్లో పిడికెడు బియ్యం డబ్బా లేదు. నేను గుడికి ఇచ్చేది కవర్లో డబ్బులే. అయినా డ్రమ్ము నుంచి బల్ల కింది ఖాళీ మూల దాకా బియ్యపు గీత తిన్నగా పోయింది. చివర చిన్న కుప్ప.

"సంధ్యా? ఏందే, పలకవు?"

"వద్దు చిన్నమ్మా. చెప్పొద్దు. ఈడ పడతాండాయి."

అటు నుంచి చిన్నమ్మ పెద్దగా ఊపిరి వదిలింది.

"డబ్బా పెట్టినావా?"

"లేదు."

"పెట్టు. ముసల్ది, పాపం నేల మీద ఏస్తాంది."

కందిపప్పు డబ్బా ఖాళీ చేసి, తుడిచి, ఆ మూలకు జరిపాను. తర్వాత కూర్చొని గింజలు ఏరడం మొదలుపెట్టాను. చీపురు ముట్టలేదు.